ఆకుపచ్చలో తెలుపు

చిరంజీవి చెల్లికి,

అక్క దీవెనలు. ఇక్కడ ఇద్దరం క్షేమం అని రాయడం అలవాటు కాబట్టి రాస్తున్నాను గానీ, లెక్కకొస్తే ఇద్దరికీ కలిపి పనిచేసే చేతులు మూడే. మీ బావ పోయిన నెల గుమ్మం మెట్ల మీద జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. పిండికట్టు వేశారు. ఎడమ చేత్తో టీ తాగుతూ సగం నోట్లోనూ సగం చొక్కా మీదా పోసుకుంటున్నారు. మీరంతా బాగున్నారనీ, మరిదిగారి నడుం నొప్పి తగ్గిందనీ తలుస్తాను.

నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులైంది. అక్కకు బద్ధకం ముదిరిందని తిట్టుకునే ఉంటావు. బద్ధకం కాదు, మూడుసార్లు రాసి మూడుసార్లూ చింపాను. నువ్వు అడిగినవాటిలో మొదటిది, పాపను సెలవులకి నలభై రోజులు మా దగ్గరికి పంపించనా అని. తనకి బొమ్మ రైళ్ళ పిచ్చి పట్టుకుందనీ, కేబిన్లు కట్టడం మా దగ్గరే నేర్చుకుంటానని అన్నం మానేసి కూర్చుందనీ రాశావు. దానికి జవాబు చివర్లో చెబుతాను. ముందే అక్కడికి దూకి మిగతాది పక్కన పడెయ్యకు. చివరిది అర్థం కావాలంటే మధ్యది చదవాలి.

పాప చెప్పుల డబ్బాతో కట్టిన సిగ్నల్ కేబిన్ ఫోటో చూశాం. మీ బావ భూతద్దం తెచ్చుకుని మరీ చూశారు. "తొమ్మిదేళ్ళ పిల్ల కట్టిందంటే నమ్మను. కిటికీ చట్రాలు చూడు, ఒక్కటంటే ఒక్కటి వంకర లేదు. మెట్లకి కటకటాలు కూడా పెట్టింది!" అని ఆ ఫోటో పట్టుకుని ఇల్లంతా తిరిగారు. ఆయన సంగతి నీకు తెలుసుగా, ఆనందం వచ్చినా నత్తనడకే, ముందు గది నుంచి వెనక గదికి వెళ్ళడానికి పావుగంట పట్టింది. పాపకు ఒక్క విషయం చెప్పు. గోడకి ఒక్క అట్ట చాలదు. రెండు పొరలు అంటించి పైన బరువు పెట్టి ఒక పూట కదపకుండా వదిలెయ్యాలి. లేకపోతే జిగురు తడికి గోడ ముడుచుకుపోతుంది. మేము బరువుకి నాన్న తెచ్చిన రైలు పట్టా ముక్క వాడతాం. జానెడే ఉంటుంది గానీ ఒంటి చేత్తో ఎత్తితే భుజం లాగుతుంది.

కేబిన్‌లో సిగ్నళ్ళనీ పట్టాలనీ కదిపే ఇనప లివర్లకి అన్ని రంగులెందుకని కూడా పాప అడిగింది. ఎర్రవి రైలుని ఆపే సిగ్నళ్ళకి. పసుపువి ముందుగా హెచ్చరించే సిగ్నళ్ళకి. నల్లవి పట్టాలు మార్చడానికి, నీలంవి వాటిని బిగించి తాళం వెయ్యడానికి. తెల్లవి ఏ పనీ లేకుండా ఊరికే నిలబడి ఉండేవి. ప్రతి కేబిన్‌లోనూ అలాంటివి రెండు మూడు ఉంటాయి, ప్రతి ఇంట్లోనూ ఉన్నట్టే. ఇక గోడలకి తాతయ్య కేబిన్ ఆకుపచ్చే వెయ్యాలా, వేస్తే డబ్బాలో ఉన్నది ఉన్నట్టే వెయ్యొచ్చా అని అడిగింది చూడు, ఆ ప్రశ్న దగ్గరే నా కలం మూడుసార్లూ తడబడింది.

నాన్న పనిచేసిన స్టేషన్ కేబిన్‌లో ఇరవై ఆరు లివర్లు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆయన చేతి కింద ఒక్క రైలుకీ గీత పడలేదు. ఇంట్లో మన ముగ్గురికీ మాత్రం గీత పడని చోటు లేదు. లివరు లాగి లాగి ఆ చేతులు ఎలా తయారయ్యాయో నీకు చెప్పక్కర్లేదు. డ్యూటీ దిగి వచ్చి బల్ల మీద బొమ్మ లైను పరుచుకుని కూర్చుంటే ఇల్లంతా ఊపిరి బిగబట్టేది. అగ్గిపుల్లంత సిగ్నలు ఒక వెంట్రుక వాసి పక్కకు ఒరిగితే ఇనప స్కేలు లేచేది. "రంగు తప్పితే రైలు తప్పుతుంది, రైలు తప్పితే మనుషులు చస్తారు" అంటూ ఒక్కో మాటకీ ఒక్కో దెబ్బ. బొమ్మ రైల్లో చచ్చేది ఎవరు నాన్నా అని అడిగే దమ్ము ఎవరికుంది? ఒకసారి అమ్మ దుమ్ము దులుపుతూ దీపపు స్తంభం ఒకటి పడగొట్టింది. ఆమె తల బల్ల అంచుకేసి మోదాడు. అమ్మ నుదుటికి గుడ్డ అదుముకుంటూ పక్కింటావిడతో "గడప తగిలి పడ్డానమ్మా" అంది. మనింటి గడపకి ఎంత చెడ్డ పేరొచ్చిందో పాపం.

నీ ఎడమ చెవి పోయింది కూడా ఆ బల్ల దగ్గరే. కొత్తగా కట్టిన బొమ్మ కేబిన్ గోడలు పాలిపోయిన ఆకుపచ్చగా ఉన్నాయి. ఎవరు కలిపారీ రంగు అని అరిచాడు. నీకు ఎనిమిదేళ్ళు. జుట్టు పట్టుకుని పైకి లేపి, కాళ్ళు నేలకు తగలకుండా ఒక్కటి కొట్టాడు. నువ్వు గోడకి తగిలి జారిపోయావు. చెవిలోంచి నెత్తురు మెడ మీదకి కారింది. నువ్వు ఏడవలేదు. ఏడుపు మర్చిపోయినదానిలా నోరు తెరుచుకుని చూశావు. అప్పుడాయన ఆ కేబిన్‌ని కాలికింద వేసి నలిపాడు. ఆ సంగతి మళ్ళీ ఎత్తుతాను.

ఇప్పుడు మా ఇంటి కబుర్లు. బొమ్మ రైళ్ళ సామాను అమ్మే కొట్టాయన ఉన్నాడు కదా, మేము కళ్ళజోడు అని పిలుచుకునేవాడు, వాడికీ నాకూ చెడింది. పోయిన నెల రెండు బొమ్మ కేబిన్లు కట్టి అమ్మకానికి తీసుకెళ్ళాను. రైల్వేవాళ్ళు నాన్న కేబిన్ కూలగొట్టినప్పుడు నేను తలుపు చెక్క ఒకటి ఏరి తెచ్చుకున్నాను. దాన్ని పక్కన పెట్టుకుని రంగు చుక్క తేడా లేకుండా కలిపి వేశాను. కళ్ళజోడు ఒక కేబిన్ చేతిలోకి తీసుకుని, వెలుతురుకి పట్టి, పెదవి విరిచాడు.

"ఏంటమ్మా ఇది? కేబినా, బొగ్గుల కొట్టా?"

"అది అసలు రంగు. మా నాన్న ముప్పై ఏళ్ళు కూర్చున్న కేబిన్ రంగు."

"అసలుదైతే నాకేంటి? బల్ల మీద పెడితే నల్ల ముద్దలా ఉంది. పోయినసారివి కూడా ఎవరూ కొనలేదు. పట్టుకుపో."

వాడు దాన్ని గల్లా మీద పడేసినట్టు పెట్టాడు. పొగగొట్టం విరిగింది. చెల్లీ, ఆ తరవాత కాసేపు నాకు సరిగ్గా గుర్తు లేదు. వాడి చొక్కా కాలరు నా గుప్పిట్లో ఉంది. గాజు అర పగిలి బొమ్మ ఇంజన్లు నేల మీద దొర్లుతున్నాయి. కళ్ళజోడుగాడి కళ్ళజోడు నా చెప్పు కింద కరకరలాడింది. వాడి ముక్కులోంచి నెత్తురు. కొనడానికి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు తలుపు చాటున నిలబడి, లోపలికి రావాలా పారిపోవాలా తేల్చుకోలేక చూస్తున్నారు. ఇదంతా ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాను. "ఒక్క చెంపదెబ్బకే సగం కొట్టు ఖాళీ" అని అభినయించి మరీ చూపించాను. మీ బావ నవ్వలేదు. గాజు గుచ్చుకున్న నా అరచెయ్యి ఒళ్ళో పెట్టుకుని పట్టకారుతో ఒక్కో పెంకూ తీశారు.

మర్నాడు నాతో చెప్పకుండా ఆయనే కొట్టుకి వెళ్ళారు. వాడికి క్షమాపణ చెప్పి, పోలీసుల దాకా వెళ్ళొద్దని బతిమాలి, పగిలిన అద్దం తనే బిగించి, కేబిన్లు మళ్ళీ రంగు వేసి ఇస్తానని ఒప్పుకుని వచ్చారు. నేను మధ్యాహ్నం పనిగదిలోకి వెళ్ళేసరికి బల్ల ముందు కూర్చుని నా ఆకుపచ్చలో తెలుపు కలుపుతున్నారు.

"ఏంటండీ ఆ పని?"

"దూరం కలుపుతున్నాను," అన్నారు. ఆయన గొంతు ఎప్పుడూ అంతే, పక్కవాడికి తప్ప వినపడదు. "చూడు, కేబిన్‌ని మనం ఎక్కడి నుంచి చూస్తాం? నూరు గజాల అవతల ప్లాట్‌ఫారం మీద నుంచి. మధ్యలో ఉన్న గాలీ, దుమ్మూ, ఎండా అన్నీ ఆ రంగులో కలిసే మన కంట్లో పడతాయి. బొమ్మకి ఆ దూరం ఎక్కడుంది? మనమే కలపాలి. పది చుక్కల ఆకుపచ్చకి రెండు చుక్కల తెలుపు."

"అంటే మా నాన్నకి రంగులు తెలీవంటారు."

"ఆయనకి అసలు కేబిన్ తెలుసు. ఇది బొమ్మే కదా."

ఆ "బొమ్మే కదా" అన్న మాటకి అరికాలి మంట నెత్తికెక్కింది. జిగురు ఆరాలని గోడల మీద పెట్టిన పట్టా ముక్క చేతికి వచ్చింది.

ఇక అబద్ధం చాలు. మా ఇంటి ముందున్నవి మూడంటే మూడు మెట్లు. వాటి మీద జారి మణికట్టు విరగ్గొట్టుకోవాలంటే ప్రత్యేకంగా సాధన చెయ్యాలి. నువ్వు మొదటి పేరాలోనే అనుమానించి ఉంటావు. మొదటి దెబ్బ కేబిన్ మీద వేశాను, అది అప్పచ్చిలా అణిగిపోయింది. రెండోది ఆయన చేతి మీద వేశాను. కేబిన్‌ని కాపాడబోయి చెయ్యి అడ్డం పెట్టారని రాస్తే నువ్వు నమ్ముతావు. చింపేసిన మొదటి రెండు ఉత్తరాల్లో అలాగే రాశాను కూడా. అడ్డం పెట్టలేదు. చెయ్యి పక్కన బల్ల మీద ఉంది, వేళ్ళ మధ్య కుంచె ఉంది. నేను చూశాను. చూసే కొట్టాను. పచ్చి కొమ్మ విరిగినట్టు చప్పుడైంది. ఆ చప్పుడు విన్నాక మళ్ళీ ఎత్తి మూడోది కూడా వేశాను. "మీకెంత ధైర్యమండీ, మీకెంత ధైర్యం" అంటూ, మర్యాద తప్పకుండా మీరూ మీరూ అంటూ కొట్టాను. చేతులు నాన్నవి, మర్యాద అమ్మది.

ఆయన కేక వెయ్యలేదు. పక్కిళ్ళకి వినపడుతుందని పెదవి కొరుక్కున్నారు, పెదవి తెగింది. నన్ను తొయ్యలేదు. కుర్చీలోంచి కిందికి జారి, విరిగిన చెయ్యి పొట్టకి అదుముకుని, బల్ల కిందికి వెళ్ళిపోయారు. యాభై ఏళ్ళ మనిషి, చెల్లీ. మనం చిన్నప్పుడు దూరినట్టే దూరారు.

నిజం చెబుతున్నాను కాబట్టి మొత్తం చెబుతాను. ఇది మొదటిసారి కాదు. పోయినేడు నువ్వొచ్చినప్పుడు ఆయన కనుబొమ మీద మచ్చేమిటని అడిగావు, అలమారు తలుపు తగిలిందన్నాను. నేను విసిరిన కత్తెర అది. మెడ మీద కాలిన మరక వేడి టీ. ప్రతిసారీ తరవాత ఏడ్చాను, మందు రాశాను, రెండు నెలలు పువ్వులా చూసుకున్నాను. నాన్న కూడా కొట్టిన మర్నాడు మనకి మిఠాయి పొట్లం తెచ్చేవాడు, గుర్తుందా? నువ్వు తినేదానివి కాదు. నేను తినేదాన్ని.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే పట్టుకుని నా వంక చూసి, ఆయన వంక చూశాడు. "పడితే ఎముక ఇలా నలగదే. ఏదో బరువు పడ్డట్టుంది" అన్నాడు. "మా మెట్లు అలాంటివి డాక్టరుగారూ" అన్నారు మీ బావ నవ్వుతూ. ఆ నవ్వు చూసి నాకు అమ్మా, ఆమె గడపా కళ్ళ ముందు మెదిలాయి. కట్టు విప్పాక చెయ్యి కదులుతుందిట గానీ చూపుడు వేలూ బొటనవేలూ సన్న కుంచె పట్టగలవో లేదో ఇప్పుడే చెప్పలేమన్నాడు. లివరు పిడి మీద వెంట్రుకంత గీత గియ్యగల చెయ్యి అది.

అన్నిటికంటే ఘోరం ఇంకొకటుంది. రంగు గురించి మీ బావ చెప్పింది నిజమని నాకు పదకొండేళ్ళప్పుడే తెలుసు. నాన్న తెచ్చిన రంగు బొమ్మ మీద వేస్తే మొరటుగా నల్లగా కనబడేది. ఒకరోజు ఆయన డ్యూటీలో ఉండగా కాస్త తెలుపు కలిపి చూశాను. దూరంగా నిలబడి చూస్తే అచ్చు మన స్టేషన్ కేబినే. ఎంత సంబరపడ్డానో. నాన్న వచ్చి ఎవరు కలిపారీ రంగు అని అరిస్తే, నా వేలు నీ వైపు లేచింది. నోరు కూడా మెదపలేదు, వేలు చూపించానంతే. ఇన్నేళ్ళలో నువ్వు ఒక్కసారి కూడా ఆ వేలు సంగతి అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. ఎవరు ఏది చెప్పినా నీ కుడి చెవి వాళ్ళ వైపు తిప్పుతావు కదా, అది చూసినప్పుడల్లా నేను తల పక్కకు తిప్పుకుంటాను. పాపకు చెప్పు, పదికి రెండు చుక్కల తెలుపు. తాతయ్య రంగు డబ్బాలో ఉన్నట్టు వెయ్యొద్దు.

నీ ఉత్తరం చివర నవ్వులాటగా అడిగావు, "నీ ముక్కు మీద కోపం దిగిందా?" అని. దిగలేదు చెల్లీ. ముక్కు మీద నుంచి చేతుల్లోకి దిగింది.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. అయినా ఇదంతా నీకెందుకు రాస్తున్నానంటే, మొన్న జరిగింది చెప్పాలి. నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచీ మీ బావకి కొత్త ప్రాణం వచ్చింది. పాప కూర్చోవడానికి ఎత్తు సరిపోయేలా పీట వెతికారు. తనకోసం చిన్న కుంచెలు ఏరి పెట్టారు. మొన్న పొద్దున బజారుకెళ్ళి ఒక గడియ తెచ్చారు. పనిగది తలుపుకి లోపలి వైపు పెట్టి ఎడమ చేత్తో బిగించడానికి అవస్థ పడుతున్నారు. స్క్రూ నిలవడం లేదు. నేను వెళ్ళి స్క్రూ పట్టుకున్నాను. నవ్వుతూనే అడిగాను.

"లోపలి నుంచి గడియ దేనికండీ? దొంగలు బయటి నుంచి కదా వస్తారు?"

ఆయన స్క్రూ మీద నుంచి కళ్ళు తియ్యలేదు.

"పాప ఉంటుంది కదా," అన్నారు.

అంతే. కోపంగా అనలేదు, నింద వెయ్యలేదు. వర్షం వస్తుంది కదా, గొడుగు పట్టుకెళతాను అన్నట్టు అన్నారు. తన చెయ్యి విరిగినా, నెత్తి పగిలినా ఏ తలుపూ వేసుకోని మనిషి, నీ కూతురి కోసం గడియ తెచ్చారు. నా నుంచి. మిగిలిన మూడు స్క్రూలూ నేనే బిగించాను. బిగించి, ఒకసారి వేసి తీసి చూశాను. గట్టి గడియే. కానీ నాన్నని ఏ గడియ ఆపిందని?

పాపను పంపకు. ఇదీ నీ మొదటి ప్రశ్నకి జవాబు. నాకు ఆ పిల్ల కావాలి, ఎంత కావాలో రాస్తే ఈ కాగితం చాలదు. నలభై రోజుల్లో ముప్పై తొమ్మిది రోజులు బంగారంలా చూసుకుంటాను కూడా. పంపకు.

బదులుగా నువ్వు రా. ఒక్కదానివే రా. వచ్చి మీ బావని మీ ఇంటికి తీసుకెళ్ళు. నేను చెబితే ఆయన కదలరు. నిన్ను వదిలి ఎలా ఉంటాను అంటారు, నీకు ఒంట్లో బాగాలేదు అంటారు, నా జబ్బుకి ఆయన పెట్టుకున్న పేరు అదీ. నువ్వు పాప పేరు చెప్పు. రంగులు కలపడం నేర్పాలి బావా, పిల్ల ఏడుస్తోంది, సెలవులు మా ఇంట్లోనే గడపండి అను. ఆ ఒక్క మాటకే కదులుతారు. సెలవులయ్యాక మాత్రం ఆయన్ని వెనక్కి పంపకు. పాపకు ఒక గురువు, ఆయనకి ఒక చోటు. మీ ఊళ్ళో మంచి ఎముకల డాక్టరుకి చెయ్యి చూపించు, మెట్లు అని చెప్పనివ్వకు. కుంచెలూ, భూతద్దం, మంచి కత్తీ ఒక పెట్టెలో సర్ది ఉంచాను. ఇంట్లో ఎవరూ లేకపోతే నేను కొట్టేది గోడలనే కదా, గోడలకి నొప్పి ఉండదు. నా గురించి బెంగ పెట్టుకోకు.

ఒక్క జాగ్రత్త. నువ్వు వచ్చి ఆయన పెట్టె ఎత్తగానే నేను గుమ్మానికి అడ్డం పడతాను. ఇప్పుడు ఇంత స్థిమితంగా రాస్తున్నాను గానీ అప్పుడు ఇలా ఉండను. ఏడుస్తాను, నీ కాళ్ళు పట్టుకుంటాను, ఇంకెప్పుడూ చెయ్యి ఎత్తనని ఒట్టు పెడతాను. ఆ క్షణంలో అది అబద్ధం కూడా కాదు, అందుకే మీ బావ ప్రతిసారీ నమ్మారు. ఆయన నీ వంక చూసి, ఈసారికి ఉండిపోతానమ్మా అంటారు. నువ్వు ఆగకు. నేను నీ మీద చెయ్యి ఎత్తినా ఆగకు. ఈ ఉత్తరం రాస్తున్న అక్క మాట విని, గుమ్మంలో ఏడ్చే అక్కను దాటుకుని, ఆయన్ని తీసుకుని వెళ్ళిపో.

ఇట్లు,
నీ తోడబుట్టిన
అక్క